ఆరవ్ అంటే శాంతమా, అరుపా? పిల్లాడికి పొట్టి పేరు పెట్టేముందు అర్థం ఇలా వెతకండి

మా తమ్ముడికి కొడుకు పుట్టాడు. కృత్తిక ఒకటో పాదం, అంటే పంచాంగం ప్రకారం పేరు 'ఆ'తో మొదలవ్వాలి (కృత్తిక నాలుగు పాదాలకీ ఆ, ఈ, ఊ, ఏ అని వరసగా నాలుగు అక్షరాలు). తమ్ముడూ మరదలూ రాత్రుళ్ళు పిల్లాడు నిద్రపోనివ్వక ఎలాగూ మేలుకునే ఉంటున్నారు కాబట్టి ఫోన్లో వందల పేర్లు తిరగేసి, చివరికి 'ఆరవ్' దగ్గర ఆగారు. పొట్టిగా ఉంది, పలకడానికి బావుంది, పక్కనే 'శాంతస్వభావుడు' అని అర్థం కూడా రాసి ఉంది, ఇంకేం కావాలి? ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశారు. పది నిమిషాల్లో అందరూ దండాలూ హార్టులూ పెట్టారు, ఒక్క మా పెద్ద మావయ్య తప్ప. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఏరా, ఆరవం అంటే చప్పుడు కదరా, వీళ్ళకి అందులో శాంతం ఎక్కడ కనపడిందిరా?" అన్నారు.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో నడిచిన టెన్షన్ సంగతి వదిలేయండి. నేను మాత్రం ఆ రెండు రోజులూ ఒక పేరు అర్థం సొంతంగా ఎలా తేల్చుకోవాలో నేర్చుకున్నాను. పెద్ద పాండిత్యం అక్కర్లేదు, ఓ పావుగంట ఓపికా మనకి వచ్చిన తెలుగూ చాలు. ఆరవ్ అనే పేరునే పట్టుకుని చెప్తాను, మీరు అనుకున్న పేరు ఏదైనా ఇదే దారిలో వెళ్ళండి.

మొట్టమొదట చేయాల్సింది చివరి పొల్లు తీసేయడం. హిందీవాళ్ళు మాట చివరి 'అ'ని మింగేస్తారు, రామ అని రాసి రామ్ అని పలుకుతారు. తెలుగు అలా కాదు, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే మనకి రాముడు, రామయ్య, రామం. ఇప్పుడు పెడుతున్న పొట్టి పేర్లలో చాలావరకు సంస్కృతం నుంచి హిందీ గుండా ప్రయాణం చేసి మన ఇంటికి వచ్చినవే, కాబట్టి పొల్లుతో వస్తాయి. ఆరవ్ అని కొడితే నిఘంటువులో ఏమీ దొరకదు, దొరకలేదు కదా అని మళ్ళీ ఆ పేర్ల జాబితాల దగ్గరికే పోతాం. పొల్లు తీస్తే ఆరవ. సంస్కృత నిఘంటువులో అలాగే వెతకాలి, తెలుగు నిఘంటువులో అయితే చివర 'ము' తగిలించాలి, ఎందుకంటే పాత నిఘంటువుల్లో ఇలాంటి మాటలు రవము, నాదము అన్నట్టే ఉంటాయి. ఈ చిన్న కిటుకు తెలియకే సగం మంది వెనక్కి వెళ్ళిపోతారు.

తర్వాత మాటని విడదీయండి. ఆ + రవ. ఇక్కడ నిఘంటువు తెరవకముందే ఒకసారి మీ చెవినే అడగండి, 'రవ' ఎక్కడైనా విన్నారా అని. తప్పకుండా విన్నారు. రవళి అని మన చుట్టాల్లో ఒక అమ్మాయైనా ఉంటుంది, మురళీరవళి అంటాం. తెల్లవారగానే పక్షుల కిలకిలారావాలు అని స్కూల్లో వ్యాసాల్లో రాయనివాళ్ళు లేరు, అది కిలకిల + ఆరావం. ఇక పూజ మొదట్లో గంట కొట్టేటప్పుడు చదివే శ్లోకం ఉంది కదా, "ఆగమార్థం తు దేవానాం గమనార్థం తు రక్షసాం" అని మొదలయ్యేది, దాని రెండో వరసలోనే ఘంటారవం ఉంది. గంట చప్పుడు. అంటే మనింట్లో రోజూ వినపడే మాటే అది. రవం అంటే శబ్దం, ఇందులో వాదన లేదు.

మరి ముందున్న 'ఆ' ఏం చేస్తోంది? అసలు గొడవంతా ఇక్కడే. 'అ' వేరు, 'ఆ' వేరు. అ చేరితే లేదు అని అర్థం: న్యాయం, అన్యాయం, శాంతి, అశాంతి. ఆ చేరితే లేదు అని ఎప్పుడూ రాదు, అది ఉపసర్గ, అంటే మాట ముందు చేరి అర్థాన్ని మార్చే చిన్న ముక్క. అటునుంచి ఇటు వైపు, అంతటా, దాకా, ఇలాంటి ఛాయలు తెస్తుంది. గంట శ్లోకమే మళ్ళీ చూడండి, ఎంత చక్కగా సరిపోతుందో: దేవతలు రావడానికి ఆగమం, రాక్షసులు పోవడానికి గమనం. ఒక్క 'ఆ' చేరగానే పోవడం కాస్తా రావడం అయింది. కాబట్టి ఆ + రవ అంటే శబ్దం లేకపోవడం కాదు, శబ్దమే, ఇంకా మాట్లాడితే చుట్టూ నిండే శబ్దం. శబ్దం లేనిది కావాలంటే దీర్ఘం తీసేసి అరవ అనాలి.

నా అనుమానం ఏమిటంటే, 'శాంతం' అనే అర్థం ఇక్కడే పుట్టింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసినప్పుడు 'అ'కీ 'ఆ'కీ ఒకే 'ఏ' వాడేస్తాం. ఎవరో ఎక్కడో దీన్ని అ + రవ అని విడదీసి, చప్పుడు లేనివాడు, అంటే నెమ్మదస్తుడు, అంటే శాంతస్వభావుడు అని మూడు మెట్లు ఎక్కి ఉంటారు. ఆ తర్వాత ఒకరి జాబితా చూసి ఇంకొకరు ఎత్తిరాసుకున్నారు. వంద చోట్ల ఒకే అర్థం కనపడితే వంద సాక్ష్యాలు అనుకోకండి, ఒకే తప్పు వందసార్లు కాపీ అయి ఉండొచ్చు.

ఇప్పుడు నిఘంటువు తెరవండి. మా మావయ్య అయితే గురుబాలప్రబోధిక, అంటే అమరకోశం అనే పాత సంస్కృత పదకోశానికి తెలుగు వ్యాఖ్యానం, పట్టుకొచ్చారు, దాని అట్ట ఊడిపోయి దారంతో కట్టి ఉంది. ప్రథమకాండ, శబ్దాదివర్గం తీసి వేలు పెట్టి చూపించారు. శబ్దానికి పర్యాయపదాలు చెప్తూ నినాదం, ధ్వని, రవం, నాదం అన్నీ అయ్యాక "ఆరవారావ సంరావ విరావాః" అని ఉంటుంది. సంధి విప్పితే ఆరవ, ఆరావ, సంరావ, విరావ. అన్నీ చప్పుళ్ళే. ఇంట్లో పాత పుస్తకాలు లేనివాళ్ళకి ఫోన్లోనే పని అయిపోతుంది: తెలుగుకి ఆంధ్రభారతి సైటులో నిఘంటు శోధన ఉంది, శబ్దరత్నాకరం, బ్రౌన్, సూర్యరాయాంధ్ర లాంటి నిఘంటువులన్నీ ఒకేసారి వెతికి పెడుతుంది. సంస్కృతానికి మోనియర్ విలియమ్స్ 1899 నాటి నిఘంటువు జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆన్‌లైన్లో ఉచితంగా పెట్టారు. అందులో ఆరవకి అరుపు, కేక, ధ్వని, ఉరుము లాంటి అర్థాలు కనపడతాయి. శాంతం కనపడదు. వెతికేటప్పుడు దీర్ఘం జాగ్రత్త, 'ఆ' బదులు 'అ' కొడితే వేరే మాట వస్తుంది, మొదట నేనూ అదే పొరపాటు చేసి మావయ్యతో అనవసరంగా వాదించాను.

ఓపిక ఉంటే ఇంకొక మెట్టు కిందకి దిగి ధాతువు, అంటే మాట పుట్టిన మూలం, చూడండి. రవం పుట్టింది 'రు' అనే ధాతువు నుంచి, ధ్వని చేయడం, అరవడం అని అర్థం. ఇదే ధాతువు నుంచి వచ్చిన ఇంకో ప్రముఖుడు ఎవరో తెలుసా? రావణుడు. కైలాసం కింద చేతులు ఇరుక్కుని లోకాలు దద్దరిల్లేలా అరిచాడు కాబట్టి శివుడే ఆ పేరు పెట్టాడని రామాయణం ఉత్తరకాండలో ఉంది. ఈ ముక్క నేను ఇంట్లో చెప్పకుండా ఉండాల్సింది. మరదలు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

విడదీయడం గురించి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది తెలిశాక అన్నిటినీ అలాగే కోసేయాలనిపిస్తుంది. చివర 'రవ' కనపడిన ప్రతి మాటా శబ్దం కాదు. కౌరవులు కురు నుంచి వచ్చారు, గౌరవం గురు నుంచి వచ్చింది, కాబట్టి గౌరవ్ అనే పేరులో రవమూ లేదు, చప్పుడూ లేదు. సౌరవ్ ఇంకా తమాషా. అది అసలు సౌరభం, అంటే సువాసన. బెంగాలీలో గంగూలీ పేరు 'భ'తోనే రాస్తారు, మన దాకా వచ్చేసరికి 'వ' అయింది. కాబట్టి మీకు తోచినట్టు ముక్కలు చేసి ఊరుకోకండి, ముక్క చేశాక నిఘంటువులో ఆ మొత్తం మాట ఉందో లేదో చూడాల్సిందే.

మాట ఏ భాషదో అడగడం కూడా మర్చిపోకూడదు, పొట్టి పేర్లకి ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్షరాలు తక్కువ కదా, ఎక్కడో ఒక చోట ఇంకో భాషలో మాటతో కలిసిపోతాయి. నీల్ అంటే మనకి నీలం, కానీ చంద్రుడి మీద కాలుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పేరుకీ నీలానికీ సంబంధం లేదు, అది ఐర్లండ్ వైపు నియాల్ అనే పాత పేరు. 2024లో విరాట్ కోహ్లీ దంపతులు కొడుక్కి అకాయ్ అని పెట్టినప్పుడు అందరూ అర్థం కోసం ఎగబడ్డారు. సంస్కృతంలో చూస్తే అ + కాయ, శరీరం లేనిది. ఈశావాస్యోపనిషత్తులో పరమాత్మని అకాయం అనే అన్నారు. తుర్కీ భాషలో చూస్తే అక్ అంటే తెలుపు, అయ్ అంటే చంద్రుడు. రెండూ నిజమే, ఏది తీసుకుంటారో పెట్టినవాళ్ళ ఇష్టం. అర్థం అడిగినప్పుడు ఏ భాషలో అని కూడా చెప్పగలిగితే చాలు.

ఏ భాషలోనూ దొరకని పేర్లు కూడా ఉంటాయి, అవి కొత్తగా అల్లినవి. రేయాన్ష్ అంటే సూర్యకిరణంలో భాగం అంటారు, కానీ సంస్కృతంలో వెతికితే కిరణానికి 'రేయ్' అనే మాట దొరకదు. ఇంగ్లీషు 'రే'కి మన 'అంశ' అతికించినట్టుంది. తెలుగులో రేయి అంటే రాత్రి, ఆ లెక్కన వాడు రాత్రిలో భాగం. అద్విక్ కూడా ఇలాంటిదే, అద్వితీయానికో అద్వైతానికో చుట్టం అనిపిస్తుంది కానీ ఆ రూపం నిఘంటువులో కనపడదు. అల్లుకోవడం తప్పేం కాదు, మన పెద్దవాళ్ళు మాత్రం అల్లలేదా, రెండు దేవుళ్ళ పేర్లు కలిపి ఒకటి చేసిన ఇళ్ళు ఎన్ని లేవు. కానీ ఇది సంస్కృతం, ఇది వేదంలో ఉంది అని మాత్రం ఎవరికీ చెప్పకండి, మా మావయ్య లాంటివాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరుంటారు.

పొట్టి పేరు ఈమధ్య ఫ్యాషన్ అని ముక్కు చిట్లించే పెద్దవాళ్ళకి ఒక సమాధానం దొరికింది, ఇది నాకు బాగా నచ్చింది. పారస్కర గృహ్యసూత్రంలో, అంటే ఇంట్లో చేసే సంస్కారాల గురించి చెప్పే పాత గ్రంథంలో, మగపిల్లాడి పేరు రెండక్షరాలో నాలుగక్షరాలో ఉండాలని ఉంది. రవి, హరి, రఘు, మధు, శివ ఇవన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. ఆరవ మాత్రం సంస్కృతంలో మూడక్షరాలు, హిందీవాళ్ళలా ఆరవ్ అని పలికితే రెండు, కాబట్టి ఎటు లెక్కపెడితే అటు.

ఇక చివరి పరీక్ష, దీనికి ఏ పుస్తకమూ అక్కర్లేదు. పేరుని మీ ఇంట్లో, మీ యాసలో, గట్టిగా పిలిచి చూడండి. గది తలుపులేసుకుని నెమ్మదిగా అనుకుంటే అన్ని పేర్లూ బావుంటాయి. వీధి చివర ఆడుకుంటున్న పిల్లాడిని గుమ్మంలో నిలబడి పిలుస్తున్నట్టు పిలవాలి. మా నాయనమ్మ చేత పిలిపించాం. ఆవిడ "ఒరేయ్ ఆరవా!" అంది. తర్వాత ఆవిడే ఆగి, "ఆరవ ఏంట్రా, ఇంకా ఒకడే కదా పుట్టింది?" అంది. నిజమే, తెలుగులో ఆరవ అంటే ఐదో వాడి తర్వాతివాడు. రేపు స్కూల్లో ఆరవ తరగతికి వచ్చేసరికి వాడి పని అయిపోతుంది. 'అరవకురా ఆరవ్' అని ఇంట్లో రోజుకి పదిసార్లు వినపడటం ఖాయం. దీర్ఘం కొంచెం తగ్గిందా, అరవం, పాతవాళ్ళు తమిళాన్ని అనే మాట, అంత మర్యాదగా కూడా ఉండదు. తమిళంలోనేమో అరవం అంటే చప్పుడు, పాము అని కూడా. మాకు చెన్నైలో చుట్టాలున్నారు, వాళ్ళు నవ్వుతూ చెప్పారు. ఇవేవీ పేరు మానుకోవడానికి కారణాలు కావు, కానీ ముందే వింటే పిల్లాడు స్కూల్లో వినేటప్పుడు మనకి కొత్తగా ఉండదు.

ఇంతా అయ్యాక మావాళ్ళు పేరు మార్చారా అంటే, మార్చలేదు. మార్చమని నేనూ అనలేదు. అర్థం తప్పని తేలితే పేరు చెడ్డదని కాదు, తప్పుగా రాసిన అర్థాన్ని వదిలేస్తే సరిపోతుంది. శబ్దం మనకి అశుభం ఎప్పుడైంది? గంట శబ్దమే, శంఖం శబ్దమే, ఓంకారం శబ్దమే, పిల్లాడు పుట్టగానే ఏడవకపోతే గదిలో అందరి గుండెలూ ఆగిపోతాయి, ఆ మొదటి కేక కూడా ఆరవమే. పైగా రవళి అని కూతురికి ముచ్చటగా పెట్టుకుని, ఆరవ్ అని కొడుక్కి పెడితే తప్పంటే ఎలా? అక్షయ్ కుమార్ కొడుకు పేరూ ఇదే, 2002లో పుట్టాడు, ఈ పేరు మన వీధుల దాకా రావడంలో ఆ ఇంటి వాటా కొంత ఉండే ఉంటుందని నా ఊహ. మావయ్య కూడా మెత్తబడి, "ఘంటారవం అంటే ఘంటా, ఆరవం అని కూడా విడదీయొచ్చులేరా, సవర్ణదీర్ఘ సంధి, దోషం లేదు" అని ఆయనే దారి చూపించారు. అప్పట్నుంచి మరదలు ఎవరడిగినా 'గుడిగంట మోగితే వచ్చే శబ్దం' అని చెప్తోంది. శాంతస్వభావుడు కన్నా ఇదే బావుంది, కాదా?

బారసాల 21వ రోజు చేశాం. పళ్ళెంలో బియ్యం పోసి, తమ్ముడు ఉంగరంతో పేరు రాస్తుంటే మావయ్య పక్కనే నిలబడి "దీర్ఘం, దీర్ఘం" అంటూనే ఉన్నారు. చెవిలో మూడుసార్లు చెప్పేసరికి వాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. పేరు సార్థకం అన్నారు పంతులుగారు.

కాగితాల పని కూడా చెప్పేస్తాను, ఎందుకంటే దీర్ఘం అక్కడ కూడా వెంటాడుతుంది. మన దగ్గర జననం 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, పేరు మాత్రం అప్పుడే ఇవ్వక్కర్లేదు, ఏడాదిలోపు ఫీజు లేకుండా చేర్పించుకోవచ్చు. కాబట్టి అర్థం వెతుక్కోవడానికి టైమ్ ఉంది, తొందరపడకండి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఆ వెసులుబాటు తక్కువ, హాస్పిటల్ నుంచి ఇంటికి బయల్దేరకముందే ఫారంలో పేరు అడుగుతారు చాలాచోట్ల, అందుకని వాళ్ళు ఈ వెతుకులాటంతా ముందే ముగించుకోవాలి. ఇంగ్లీషు స్పెల్లింగు ఏదో ఒకటి ఖాయం చేసుకుని, మొదట్లో రెండు 'ఏ'లా ఒకటేనా అన్నది ఇంట్లో అందరూ ఒక మాట మీదకొచ్చి, కాగితం మీద రాసుకుని వెళ్ళండి, ఆధార్‌కీ స్కూలుకీ పాస్‌పోర్టుకీ అదే నడుస్తుంది. రెండు 'ఏ'లు పెడితే హాజరు పట్టీలో వాడే మొదట ఉంటాడు, అది లాభమో నష్టమో వాడు పెద్దయ్యాక చెప్తాడు.

మా తమ్ముడు అన్నీ సరిగ్గా రాసే ఇచ్చాడు. సర్టిఫికెట్ వచ్చింది, ఇంటికి తెచ్చి మావయ్యకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని ఒక్క నిమిషం చూసి పకపకా నవ్వారు. ఎక్కించినవాళ్ళు ఒక 'ఏ' మింగేశారు, తెలుగులో దీర్ఘం ఎగిరిపోయింది, 'అరవ్' అని ఉంది. అ + రవ. ఆ కాగితం ప్రకారం మావాడు చప్పుడు చేయనివాడు. వాణ్ణి మళ్ళీ ఆరవ్ చేయించడానికి తమ్ముడు మూడుసార్లు తిరిగాడు, కాబట్టి సర్టిఫికెట్ చేతికిచ్చినప్పుడు కౌంటర్ దగ్గరే నిలబడి, రెండు భాషల్లోనూ అక్షరం అక్షరం చదువుకున్నాకే కదలండి.